పదమూడు వరుసల పుస్తకం

నా చిన్నప్పుడు, నాకు తొమ్మిదేళ్ల నాలుగు నెలలు నిండిన రోజుల్లో, మా మేనత్త నాకూ మా చెల్లికీ ఒక అమెరికా పెద్దమనిషి సంగతి చెప్పింది. పాతకాలంలో ఆయన తన జీవితకథ రాసుకున్నాడట. పదమూడు మంచి గుణాలు ఎంచుకుని, పుస్తకంలో గళ్లు గీసి, ఏ గుణంలో తప్పితే ఆ గడిలో సాయంత్రం నల్లచుక్క పెట్టుకునేవాడట. మా ఇంట్లోనే ఉండే మేనత్త హైస్కూలు టీచరు. తనూ అలాంటి పుస్తకం పెట్టుకుంది.

నాకు లెక్కలంటే ప్రాణం. ఒక ఆదివారం నేనూ మొదలుపెట్టాను. పదమూడు రోజులు, నూట అరవై తొమ్మిది గళ్లు, ఒక్క చుక్క లేదు. వచ్చినవాళ్లందరికీ చూపించుకునేదాన్ని.

పద్నాలుగో రోజు శనివారం. మధ్యాహ్నం ఎర్రసిరాతో మూడో వారానికి గీతలు గీస్తుంటే బుడ్డి ఒరిగి, బల్ల మీద మడతపెట్టి ఉన్న మేనత్త గంజిచీర తడిసింది. బుడ్డి నిలబెట్టి పెరట్లోకి పోయాను.

సిరాతో ఆడే అలవాటు చెల్లిది. మేనత్త కేక నాకు బావి దగ్గరికి వినిపించింది.

"సిరా ముట్టుకోవద్దని ఎన్నిసార్లు చెప్పానే నీకు?"

"నేను కాదత్తా!"

"అయితే బుడ్డికి కాళ్లొచ్చాయా? రేపు సినిమాకి నువ్వు రావద్దు."

టూరింగ్ టాకీసు కోసం చెల్లి వారం నుంచి రోజులు లెక్కపెడుతోంది. వెక్కివెక్కి ఏడ్చింది. నేను నోరు విప్పలేదు. సత్యం అన్న వరుసలో చుక్కా పెట్టలేదు.

దీపాలు పెట్టే వేళకు మేనత్త తన పుస్తకం తెచ్చి నా ముందు పెట్టింది. "లెక్కల మనిషివి కదే, ఈ వారం చుక్కలు కూడిపెట్టు" అంది.

ఇరవై రెండు. చివరిది న్యాయం వరుసలో, శనివారం కింద. ఇంకా తడి ఆరలేదు. ఎందుకని అడిగాను.

"చిన్నదాన్ని విచారించకుండానే తిట్టేశాను" అంది.

నా గోళ్ల చుట్టూ ఎర్రరంగు ఇంకా పోలేదు. ఆవిడ చూసిందో లేదో నాకు ఈనాటికీ తెలియదు.

"ఆ చుక్క నాదత్తా" అన్నాను.

"నాది నాదే. నీది నీ పుస్తకంలో పెట్టుకో" అని కలం నా చేతికిచ్చింది.

పెట్టాను. మర్నాడు చెల్లి సినిమాకి వెళ్లింది. నేను ఇంట్లో ఉండిపోయాను. ఎవరూ ఉండమనలేదు.

ఇప్పుడు దూరదేశంలో, డ్రోహెడా అనే ఊళ్లో, డాక్టరైన మా అమ్మాయి దగ్గర ఉంటున్నాను. పుస్తకాలు మారాయి గాని వరుసలు పదమూడే. మొన్న మంగళవారం నా బీపీ మాత్రలు కనపడలేదు. ఇక్కడివాళ్లు ప్రెస్ అనే వంటింటి అలమరలోంచి తీసి ఎక్కడో పడేశావని మనవరాలి మీద కేకలేశాను. తీరా చూస్తే నా స్వెటర్ జేబులోనే ఉన్నాయి. సాయంత్రం దాన్ని పిలిచి, దాని ఎదుటే చుక్క పెట్టాను.

"ఇట్స్ గ్రాండ్, అమ్మమ్మా! రబ్ ఇట్ అవుట్" అంది నవ్వుతూ. గ్రాండ్ అంటే ఇక్కడ ఫరవాలేదని.

"వద్దమ్మా, అది నాది" అన్నాను.

ఇన్నేళ్ల పుస్తకాల్లో చుక్క లేని వారం ఒక్కటీ లేదు. మొదట్లో ఆ పదమూడు రోజులు మాత్రం తెల్లగా ఉన్నాయి. వాటిని నేను లెక్కలోకి తీసుకోను.