మా మావయ్యా, ఆరు తూటాల రివాల్వరూ

మా మావయ్యకి సినిమాలో మనుషులు కనపడరు. తుపాకులే కనపడతాయి. హీరో ఎవరు, చివరికి ఎవరు ఎవర్ని పెళ్లాడారు అని అడిగితే బుర్ర గోక్కుంటాడు. ఎవర్ని దేనితో చంపారో అడగండి. గొట్టం పొడుగెంత, పిడి రంగేమిటి, లోపల ఎన్ని తూటాలు పడతాయి, చంపాక ఎన్ని మిగిలాయి, అన్నీ చెప్పి, విన్నందుకు మీకు టీ కూడా ఇప్పిస్తాడు.

అలాగని ఊళ్లోకొచ్చిన ప్రతి సినిమా చూస్తాడనుకునేరు. చూసేది ఒక్కటే. యాభై ఏళ్ల కిందటి నలుపూ తెలుపూ డిటెక్టివ్ సినిమా. దాన్ని అరవై మూడుసార్లు చూశాడు. నాకోసారి జ్వరమొచ్చి మంచం మీదుంటే, కాలక్షేపానికి ఆ కథ చెప్పమన్నాను.

"ఆరు తూటాల రివాల్వరు ఒకటుంటుంది. పొట్టి గొట్టం. అది ఒక హోటల్లో దిగుతుంది" అని మొదలెట్టాడు.

"రివాల్వరు హోటల్లో దిగడమేమిటి మావయ్యా?"

"కోటు జేబులో దిగుతుంది."

"ఎవరి కోటు?"

"డిటెక్టివ్‌దిలే. ఆ హోటల్లో ముందే ఒక పిస్టలు కాపురముంటుంది. దానికి తూటాలు పిడిలో ఉంటాయి. అది మంచిది కాదు."

"అంటే హోటలు యజమాని విలనా?"

"అయ్యుండొచ్చు. రోజూ సాయంత్రం అరచేతిలో ఇమిడే చిన్న పిస్టలొకటి అక్కడ పాటలు పాడుతూంటుంది. ఒకనాడు పాట అయ్యేసరికి కాపలా కాసే జంట గొట్టాల తుపాకీ చచ్చిపడుంటుంది."

నాకు జ్వరం తగ్గింది గానీ ఆ కథ ఇప్పటికీ తలకెక్కలేదు.

ఇంతా చేసి ఆయన పోలీసూ కాదు, సైన్యంలో చేసినవాడూ కాదు. కుట్టుమిషన్లు బాగుచేస్తాడు. ఇరుకు గది, గోడ నిండా మేకులకి వేలాడే తోలు బెల్టులు, బల్లమీద సూదుల డబ్బాలు, అన్నిటిమీదా మిషను నూనె వాసన. నిజం తుపాకీ ఒక్కసారీ ముట్టుకోలేదు సరికదా, పక్కింట్లో బుడగ పేలితే బల్ల కింద దూరిన చరిత్ర ఉంది. బల్ల కిందనుంచే "చాలా దగ్గర్నుంచి పేల్చారు" అని తీర్పిచ్చాడట. బొద్దింక కనపడితే కుర్చీ ఎక్కి అత్తయ్యని కేకేస్తాడు.

"మాటలు కోటలు దాటతాయి, కాలు గడప దాటదు" అంటుంది అత్తయ్య, చేతిలో చెప్పుతో వస్తూ.

ఓసారి బ్యాంకుకి వెళ్లాడు. గుమ్మం దగ్గర గార్డు తుపాకీ గొట్టాన్ని తన బూటు మీదే ఆనించుకుని కునుకు తీస్తున్నాడు. అందరూ ఆయన్ని దాటుకుని లోపలికి వెళ్లారు. మావయ్య ఎలా వెళ్తాడు.

"బాబూ, అలా పట్టుకుంటే నీ బొటనవేలు నీది కాదు" అన్నాడు.

గార్డు కళ్లు తెరిచాడు. "నీకెలా తెలుసు?"

"నాకు వీటితో బాగా పరిచయం."

ఆ ఒక్క మాటకి రెండు గంటలు మేనేజరు గదిలో కూర్చోబెట్టారు. కబురందుకుని అత్తయ్య పరిగెత్తింది. ఈయనకి తుపాకులతో పరిచయం ఎక్కడిదని మేనేజరు అడిగాడు.

"సినిమాలో చూశారండీ."

"ఎన్ని సినిమాల్లో?"

"ఒకదాన్లోనే."

మేనేజరుకి జాలేసి వదిలేశాడు. ఆ జాలి అత్తయ్య మీద.

అత్తయ్య మీద జాలిపడాల్సిన సంగతులు ఇంకా ఉన్నాయి. పెళ్లైన కొత్తలో, మళ్లీ ఆడుతోందని ఆవిడని ఆ సినిమాకే తీసుకెళ్లాడు. క్లైమాక్సులో ఆ హోటల్లో పాడే గాయని డిటెక్టివ్ చేతుల్లో ప్రాణం వదిలింది. హాలంతా ముక్కులు చీదుతోంది. అత్తయ్య కూడా కళ్లు తుడుచుకుంటూ, కొత్త మొగుడు ఓదారుస్తాడేమోనని అటు వాలింది. మావయ్య ఆవిడ చెవిలో మెల్లగా, "చూశావా, కాల్చినవాడి వేలు ట్రిగ్గర్ మీదే లేదు" అన్నాడు. పాతికేళ్లయింది. ఏ గొడవొచ్చినా అత్తయ్య ఆ వేలు దగ్గర్నుంచే మొదలెడుతుంది.

ఇక హాల్లో లెక్కపెట్టడం సంగతి. డిటెక్టివ్ హోటలు వసారాలో పరిగెడుతూ కాలుస్తాడు. మావయ్య వేళ్లు మడుస్తూ ఒకటీ రెండూ అని పైకే లెక్కపెడతాడు. ఆరు దాకా హాలు ఓర్చుకుంటుంది. తర్వాత ఇంకోటి పేలుతుంది. "ఏడు. ఆరు పట్టే దాన్లో ఏడోది ఎక్కణ్ణించొచ్చింది?" అని లేచి నిలబడతాడు. వెనకాలవాళ్లు చొక్కా పట్టుకుని కూర్చోబెడతారు. "తప్పు తుపాకీది కాదండీ, ఎడిటర్‌ది. ఒకే షాటు రెండుసార్లు అతికాడు" అని వాళ్లకి సర్దిచెబుతాడు, వాళ్లేదో తుపాకీని అనుమానించినట్టు.

మా ఊళ్లో లైబ్రరీ మేడమీద ఒక సినిమా సంఘం ఉంది. నెలకో ఆదివారం పొద్దున్న పాత సినిమా వేసుకుని చూస్తారు. దాని కార్యదర్శి రిటైరైన లెక్కల మాస్టారు. ఆయనకీ మావయ్యకీ ఉప్పూ నిప్పూ. మాస్టారు సినిమా గొప్పతనం గురించి గంట మాట్లాడితే, మావయ్య లేచి ఏడో తూటా గురించి గంటన్నర మాట్లాడతాడు. చివరికి ఆ పీడ వదిలించుకోడానికి మాస్టారే, "మీరు పట్టిన తప్పులన్నీ రాసివ్వండి, అచ్చువేసి పంచుతాం" అన్నారు. మావయ్య పంతొమ్మిది తప్పులు రాసిచ్చాడు. ఏ నిమిషంలో వస్తుందో, ఎవరి తప్పో కూడా రాశాడు. ఆ కాగితం మా ఇంట్లో అద్దం పక్కన అంటించి ఉండేది. తల దువ్వుకున్నప్పుడల్లా చదివి చదివి అత్తయ్యకీ నాకూ నోటికొచ్చేసింది.

ఇందులో ఇంకో పెద్దాయన్ని మీకు చూపించాలి. ఆ సినిమాకి పనిచేసినవాళ్లలో మిగిలింది ఆయనొక్కడే, మా పక్క వీధిలోనే ఉంటాడు. నటుడు కాదు. టెలిఫోను దగ్గర్నుంచి తుపాకీ దాకా, ఏ సీనులో ఎవరి చేతిలో ఏది ఉండాలో చూసి అందించే పని ఆయనది. ప్రాపర్టీ మాస్టర్ అంటారు. ఆ నలుగురి చేతుల్లోని నాలుగు తుపాకులూ ఆయన చేతిమీదుగా వెళ్లినవే. తెరమీద ఆయన పేరు ఎనిమిది పేర్ల మధ్య రెండు సెకన్లుంటుంది. ఎవరు కనపడినా ఒకటే మాటంటాడు. "ముప్ఫై ఏళ్లు చేశాను. నా చేతిమీదుగా ఒక్క తప్పు వస్తువు తెరమీదికి పోలేదు." ఆయన చెప్పుకోడానికి మిగిలింది ఆ ఒక్క మాటే.

మావయ్య నెలకోసారి వాళ్లింటికెళ్లి కుట్టుమిషనుకి నూనె వేసొచ్చేవాడు.

"ఆ ఇంట్లో కుట్టేవాళ్లే లేరు. ఆ మిషను మాత్రం పెళ్లివారిలా నూనె తాగుతోంది" అనేది అత్తయ్య.

"మిషను ఊరికే ఉంటేనే తుప్పు పడుతుందే" అనేవాడు మావయ్య. తుపాకుల కబుర్లకోసం వెళ్తున్నాడని మాకందరికీ తెలుసు.

సినిమాకి యాభై ఏళ్లు నిండాయి. సంఘంవాళ్లు పెద్దాయనకి సన్మానం చేద్దామనుకున్నారు. ఆ వారం నేను మా కుట్టుమిషను పెడలు బాగుచేయించుకోడానికి మావయ్య కొట్టుకెళ్లాను. నేనక్కడుండగానే మాస్టారు వచ్చారు. మొహం వెలిగిపోతోంది.

"ఇరవయ్యోది దొరికింది" అన్నారు. "అరవైసార్లు చూసిన మీరు వదిలేసింది, నేను పట్టాను. మెట్లమీద గాయని చేతిసంచిలోంచి పిస్టలు తీస్తుందా? దగ్గర షాటులో అది రివాల్వరైపోయింది. తూటాల చక్రం స్పష్టంగా కనపడుతోంది. మళ్లీ దూరం షాటులో పిస్టలే. మూడే మూడు సెకన్లు. ఆదివారం బొమ్మ ఆపి అందరికీ చూపిస్తాను."

మావయ్య తేలు కుట్టిన దొంగలా అయిపోయాడు. స్క్రూడ్రైవరు జారి నా పెడలు మీద పడింది.

"పెద్దాయన ముందు ఎందుకులెండి మాస్టారూ" అన్నాడు.

"ఆయన ముందే బావుంటుంది. మీరు పంతొమ్మిది పట్టొచ్చు, నేను ఒకటి పట్టకూడదా?"

ఆ మూడు రోజులూ మావయ్య సరిగా అన్నం తినలేదు. రెండుసార్లు మాస్టారింటికెళ్లి బతిమాలుకుని, రెండుసార్లూ ఉత్తి చేతులతో వచ్చాడు. ఇదంతా కడుపుమంట అనుకున్నాం. తనకి దొరకని తప్పు ఇంకొకడికి దొరికేసరికి ఓర్చుకోలేకపోతున్నాడని అత్తయ్యా నేనూ చాటున బాగా నవ్వుకున్నాం.

ఆదివారం లైబ్రరీ మేడ నిండిపోయింది. పెద్దాయన ఇస్త్రీ చేసిన కోటు వేసుకుని, మనవరాలి చెయ్యి పట్టుకుని వచ్చి ముందు కుర్చీలో కూర్చున్నాడు. సినిమా అయ్యాక మాస్టారు మైకు తీసుకున్నారు. "మన తుపాకుల పండితుడి కంటికి కూడా ఆనని తప్పొకటి" అని మెట్ల సీను వేసి బొమ్మ ఆపేశారు. తెర నిండా గాయని చెయ్యి, ఆ చేతిలో రివాల్వరు.

పెద్దాయన తెరవంక చూసి, తల దించుకుని, కోటు గుండీ సవరించుకోడం మొదలెట్టాడు. మనవరాలు ఆయన మొహంలోకి చూస్తోంది.

మావయ్య లేచాడు. "అది తప్పు కాదు."

"ఎలా కాదు?"

"ఆవిడ దగ్గర రెండున్నాయి. చిన్న పిస్టలు అంత దూరం పోదు. అందుకని దాన్ని ఎడంచేతిలోకి మార్చుకుని, కోటులోంచి రివాల్వరు తీసింది."

"మరి వెంటనే మళ్లీ పిస్టలెలా వచ్చింది?"

"రివాల్వరు బరువనిపించి మళ్లీ మార్చుకుంది."

"మూడు సెకన్లలోనా?"

"కంగారులో ఉంది పాపం."

హాల్లో నవ్వులు మొదలయ్యాయి. మాస్టారు బొమ్మ కాస్త వెనక్కి తిప్పి, కర్రతో తెరమీద చూపించారు. "ఎడంచేతిలో కొవ్వొత్తి ఉంది కదండీ. వెలుగుతోంది కూడా."

మావయ్య ఆ కొవ్వొత్తిని చాలాసేపు చూశాడు.

"రెండూ కలిపి పట్టుకుంది" అన్నాడు. "ఆవిడవి పొడుగు వేళ్లు."

ఇక హాలు ఆగలేదు. నవ్వి నవ్వి ఒకాయన దగ్గులో పడ్డాడు. "తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్లంటే ఇదే" అన్నారు మాస్టారు. "మీరు అరవైసార్లు చూసింది ఈ సినిమానేనా?" మావయ్య చెవులు ఎర్రబడ్డాయి. తుపాకుల విషయంలో ఆయన మాటని ఊళ్లో ఎవరూ అంతవరకూ కాదనలేదు. ఆయనకున్న పరువంతా ఆ ఒక్క విషయంలోనే ఉంది. అది నలుగురిలో పోతోంది. అయినా కూర్చోడు. "రెండున్నాయి" అని మాత్రం అంటున్నాడు.

నాకు సిగ్గేసి అత్తయ్య భుజం చాటుకి జరిగాను. అత్తయ్య నవ్వడంలేదు. వేళ్లు మడిచి ఏదో లెక్కపెట్టుకుంటోంది.

"ఏడో తూటా ఎడిటర్‌ది" అంది నాకు మాత్రమే వినపడేలా. "ట్రిగ్గర్ మీద లేని వేలు ఆ నటుడిది. పొగ ఆలస్యంగా రావడం కెమెరావాడిది. చప్పుడు ముందే రావడం సౌండువాడిది. పంతొమ్మిదీ చూసుకున్నానే. ఒక్కటంటే ఒక్కటి కూడా ఆ పెద్దాయన మీద రాయలేదు."

"అంటే మావయ్యకి ఇది ముందే తెలుసా?"

"నన్ను పెళ్లి చేసుకోకముందే చూసుంటాడు" అంది అత్తయ్య. కట్టుకున్నవాణ్ణి ఆవిడ అలా చూస్తూండగా నేను చూడ్డం అదే మొదటిసారి.

మాస్టారు మైకు పెద్దాయన ముందు పెట్టారు. "ఆ రోజు తుపాకీ అందించింది మీరే. మీరే చెప్పండి, ఒకటిచ్చారా, రెండిచ్చారా?"

పెద్దాయన మనవరాలి భుజం ఊతంతో లేచాడు. మావయ్య వైపు ఒకసారి చూశాడు.

"రెండిచ్చాను" అన్నాడు. "ఆ అమ్మాయి వేళ్లు నిజంగానే పొడుగు."

హాలు చప్పట్లతో మోగిపోయింది. యాభై ఏళ్ల కిందటి వేళ్లు కొలవడానికి లెక్కల మాస్టారి దగ్గర కూడా ఏమీ లేకపోయింది. సన్మానం జరిగింది. మనవరాలు తాతయ్యని చూసి మురిసిపోయింది.

అందరూ వెళ్లాక పెద్దాయన మావయ్య చెయ్యి పట్టుకుని మెట్లు దిగుతూ మధ్యలో ఆగాడు.

"పొడుగు వేళ్లన్న మాట ఆ రోజు నాకే తోచుంటే, డైరెక్టరు చేత అన్ని తిట్లు తినేవాణ్ణి కాదోయ్" అన్నాడు.

మావయ్య ఇన్నేళ్లు నెలనెలా నూనె వేస్తూ నోట్లో అణచుకున్న ప్రశ్న బయటికొచ్చేసింది.

"బాబాయిగారూ, ఏమీ అనుకోకండి. ఆ రివాల్వరు డిటెక్టివ్‌దేనా?"

"డిటెక్టివ్‌దే. దూరం షాట్లు ముందే తీసేశారు. దగ్గర షాటు వేళకి పిస్టలు నా చేతిలోంచి జారి మెట్లమీద పడి పిడి విరిగింది. నీకెప్పుడు తెలిసింది?"

"రెండోసారి చూసినప్పుడు."

"మరి ఇంతకాలం అడగలేదేం?"

"మిషనుకి నూనె వెయ్యడానికి వచ్చేవాణ్ణి కదండీ" అన్నాడు మావయ్య.

పెద్దాయన అక్కడే మెట్టుమీద కూలబడి, విరిగిన పిడి ఎంత ముక్కో వేళ్లతో చూపించడం మొదలెట్టాడు. మావయ్య పక్కనే చతికిలబడ్డాడు. ఆ మొహంలో అంత సంతోషం పెళ్లిఫొటోలో కూడా లేదు.

"ఎండెక్కుతోంది, పదండి" అంది అత్తయ్య.

"ఉండవే. ఆ పిడి తర్వాత మేకు కొట్టి అతికారో, జిగురు పెట్టారో అడగనీ."

"జిగురే" అన్నాడు పెద్దాయన.

అత్తయ్య నిట్టూర్చి, చేతిసంచి కింద పెట్టి, తనూ ఆ కింది మెట్టుమీద కూర్చుంది.

"ఏం జిగురండీ?" అని అడిగింది.