మిరప కల్లంలో మూడు క్రియలు

పదవీ విరమణకు రెండేళ్ల ముందు, జూన్ నెలలో, నన్ను ప్రత్తిపాడు దగ్గరి ఒక జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలకు బదిలీ చేశారు. నా హోదా స్కూల్ అసిస్టెంట్, ఇంగ్లీషు. అంటే పై తరగతులకు ఆ సబ్జెక్టు చెప్పే పని.

దసరా సెలవుల తర్వాత ఒక సాయంత్రం, ఆ ఊరి అంగన్‌వాడీ కార్యకర్త రత్నకుమారి బడికి వచ్చింది. వయసు నలభై దాటింది. సూపర్‌వైజర్ పదోన్నతి పరీక్షలో ఇంగ్లీషు వల్లే రెండుసార్లు తప్పిందట. వయోపరిమితి ప్రకారం ఇక ఒక్క అవకాశమే ఉంది. కఠినమైన క్రియాపదాలు నేర్పమని అడిగింది. ఈ వయసులో కష్టమమ్మా అన్నాను.

"కష్టమని తెలిసే వచ్చానండి మాస్టారూ" అంది.

నాకు తెలిసిన పద్ధతి ఒకటే. రోజుకు పది క్రియలు, పక్కన తెలుగు అర్థం, మర్నాడు అప్పజెప్పించుకోవడం. అప్పజెప్పేది గానీ, సొంత వాక్యం రాయమంటే కలం కదిలేది కాదు. లోపం ఆమె జ్ఞాపకశక్తిలో ఉందనుకున్నాను.

ఫిబ్రవరిలో ఒక ఆదివారం పాత ప్రశ్నపత్రం ఇవ్వడానికి ఆమె ఇంటికి వెళ్లాను. చర్చి నుంచి వచ్చి, తల్లితో కలిసి మిరపకాయలు ఆరబోసిన కల్లంలో తాలుకాయలు, అంటే రంగు పోయిన నాసి కాయలు, ఏరుతోంది.

"మాస్టారూ, విల్ట్, విదర్, ష్రివెల్ మూడింటికీ 'వాడిపోవు' అనే రాసిచ్చారండి. మధ్యాహ్నం ఎండకి తల వాల్చిన మొక్క సాయంత్రానికి తేరుకుంటుంది. తెగులుకి ఎండిపోయింది ఇక లేవదు. ఈ కాయేమో ముడతలు పడింది. మూడూ ఒకటెట్టా అవుతాయండి?"

ఆమె చెప్పిన వరుసలోనే విల్ట్ అంటే తల వాల్చడం, విదర్ అంటే ఎండిపోవడం, ష్రివెల్ అంటే ముడతలు పడటం అని ఒప్పుకున్నాను.

"ఇన్నాళ్లూ దానికి ఆ సంగతే చెప్పలేదా అయ్యా?" అంది వాళ్లమ్మ, చేతిలో పని ఆపకుండానే.

మర్నాటి నుంచి ఆ పది క్రియల పట్టిక పక్కన పెట్టాం. అంగన్‌వాడీ కేంద్రంలో ఆ రోజు జరిగింది ఆమె తెలుగులో చెప్పేది, దానికి తగిన క్రియ నేను ఇచ్చేవాణ్ని. బరువు తగ్గి క్షీణిస్తున్న పిల్లవాడికి డిటీరియరేట్, జ్వరం తగ్గి కోలుకుంటున్న పాపకు రికూపరేట్. వాక్యాలు తనే రాయడం మొదలుపెట్టింది.

పరీక్ష నెగ్గింది. దర్శి వైపు పోస్టింగు వచ్చింది. చేరిన నెలలోనే ఫోన్ చేసి, తనిఖీ నివేదిక మొత్తం ఎవరి సాయం లేకుండా ఇంగ్లీషులో రాశానని చెప్పింది.

మిగిలిన సర్వీసులో నేను మళ్లీ పట్టిక ఇవ్వలేదు. విద్యార్థికి మాట పట్టుబడకపోతే, ముందు నేను రాసిచ్చిన అర్థాన్ని సరిచూసుకోవాలని తెలుసుకున్నాను.