అద్దె మీద పెట్టిన నెపం

నాంపల్లి స్టేషన్ వెనక సందులో, ఒక మేడ మీది రెండు గదుల్లో పదకొండేళ్లు ఉన్నాం. మావారు ఆబిడ్స్‌లో ఒక మందుల కంపెనీలో గుమస్తా. నేను ఆ దగ్గర్లోనే ఒక ప్లీడరుగారి ఆఫీసులో టైపిస్టుని. ఇంటావిడ కింద ఒంటరిగా ఉండేది. భర్త పోయాక మా అద్దే ఆమెకు ఆధారం. నా కూతురు పుట్టినప్పుడు మా అమ్మ గుంటూరు నుంచి రావడం ఆలస్యమైతే, పది రోజులు పిల్లకు నీళ్లు పోసింది ఆవిడే. నేను ఆఫీసుకెళ్తే పిల్ల ఆమె ఒళ్లోనే పెరిగింది.

అరవై తొమ్మిదిలో ప్రత్యేక తెలంగాణ గొడవలు మొదలై స్కూళ్లు మూతపడ్డాయి. ఒకరోజు కోఠిలో బస్సు దిగి వంకాయలు బేరం చేస్తుంటే, నా గుంటూరు యాస విని పక్కనున్న ఇద్దరు తిరిగి చూశారు. ఏమీ అనలేదు. అయినా ఆ రోజు నుంచి బయట నోరు విప్పడం మానేశాను. పిల్లకీ అదే నేర్పాను. మావారు బెజవాడ బ్రాంచికి బదిలీ చేయించుకున్నారు.

ఇంటావిడకు నిజం చెప్పడానికి నోరు రాలేదు. అక్కడ బియ్యం, పాలు, అద్దె అన్నీ చవకనీ, ఇక్కడ నెట్టుకురాలేకపోతున్నామనీ చెప్పాను. ఆమె బియ్యంలో రాళ్లు ఏరుతోంది. చేట పక్కన పెట్టింది.

"కిరాయి ఎక్కువైందా బిడ్డా? ముందుగాల చెప్పకపోయినవ్. జర తగ్గిస్త, ఉండున్రి."

"అది కాదు పిన్నిగారూ" అన్నాను. మరేమిటో మాత్రం చెప్పలేదు.

బెజవాడలో నేను చెప్పినవన్నీ చవకే. కానీ నేనడిగిన చోటల్లా మగవాళ్లే టైపు చేస్తున్నారు, నాకు పని దొరకలేదు. ఒక్క జీతంతో ఆ చవక కూడా భారమైంది. వేసవి వస్తే పిల్ల ఒళ్లంతా చెమటకాయలు. బళ్లో అది "గిట్ల", "గాడ" అంటే తోటిపిల్లలు నవ్వేవారట. కొన్నాళ్లకు అక్కడా మాట్లాడడం తగ్గించేసింది.

మూడేళ్లకు తిరిగొచ్చాం. ఆబిడ్స్ చుట్టుపక్కల అద్దెలు అందక దూరంగా ఇల్లు తీసుకున్నాం. మొదటి ఆదివారమే ఆవిడ దగ్గరికి వెళ్లాను. బాగా చిక్కిపోయింది. పైన వేరే కుటుంబం ఉంది. వాళ్లు కూడా మాలాగే వెళ్లిపోతారేమోనని అద్దె తగ్గించి ఇచ్చిందట. ఇప్పుడు పెంచమంటే వాళ్లు ఒప్పుకోవడం లేదు. వానకు వంటింటి గోడ కూలితే తడక కట్టించుకుంది.

ఆమె నన్నేమీ నిందించలేదు. "నేనే ఎక్కువ కిరాయికి ఆశపడ్డ బిడ్డా" అంది.

అప్పుడు చెప్పేశాను. అద్దె వల్ల కాదు, భయమేసి వెళ్లామని.

ఆమె అడిగింది. "నన్ను జూసి గూడ భయపడ్డరా?"

వెంటనే లేదన్నాను. కానీ ఆ గొడవల రోజుల్లో ఆమె మెట్లెక్కి వచ్చి తలుపు తడితే, ఎవరని అడిగాకే గడియ తీసేదాన్ని. అంతకుముందు ఎన్నడూ అడగలేదు. అది ఆమెకూ తెలుసు.

టీ పెట్టి ఇచ్చింది. ఆ తర్వాత కూడా అప్పుడప్పుడూ వెళ్లేదాన్ని. వెళ్లినప్పుడల్లా ముందుగదిలో కుర్చీ వేసేది. అదివరకు నేను తిన్నగా ఆమె వంటింట్లోకి వెళ్లి కింద కూర్చునేదాన్ని.