చివరి రీలు రాని శుక్రవారం

మా అమ్మ ఏ ఆట చూసినా తీర్పు చెప్పకుండా ఊరుకునేది కాదు. చిన్నప్పుడు చూసిన వీధినాటకాలు, తోలుబొమ్మలాటలు, మా చర్చిలో క్రిస్మసుకు పిల్లలు వేసే నాటికలు, అన్నిటి మీదా ఆమెకు ఒక అభిప్రాయం ఉండేది.

"వీధినాటకంలో వేషగాడు మనల్ని చూస్తాడు అబ్బయ్యా. కునికిపాట్లు పడితే, ఏం పిల్లా, అప్పుడే నిద్దరొచ్చిందా అని ఆట ఆపి అడుగుతాడు. బొమ్మ మనల్ని చూడదు. కానీ ఆడించేవాడి కాళ్ళు తెర కింద కనపడతాయి. మనిషున్నాడులే అని ధైర్యం."

ఒక్క సినిమా మీద మాత్రం ఆమె ఏమీ అనేది కాదు, చూడలేదు గనక. మా సంఘంలో సినిమాకు పోవడం పాపం. పోయినట్టు తెలిస్తే ప్రభువు బల్ల దగ్గర, ఆరాధనలో ఆయన శరీరమని అందరికీ పంచే రొట్టె తీసుకోనిచ్చేవాళ్ళు కాదు. ఆ రొట్టె చేసేది మా అమ్మే. పొంగని పిండితో పలచగా కాల్చి, చల్లారాక చిన్న చిన్న ముక్కలు కోసి, తెల్లగుడ్డ కప్పి పంపేది. పెళ్ళయి మా ఊరికి వచ్చినప్పటినుంచీ ఆ పని ఇంకొకరికి ఇచ్చింది లేదు.

కృష్ణపట్నం పోయే దారిలో మా ఊరు. యాభైల చివర్లో ఊరి బయట సరుగుడు తోపు పక్కన టూరింగ్ టాకీసు వెలిసింది. నేను అప్పుడప్పుడే నెల్లూరు పత్రిక ఒకదానికి వార్తలు రాసి పంపుతున్నాను. సినిమాకు పోయినా, పత్రికవాడు అన్నీ చూడాలని చెప్పి ఇంట్లో తప్పించుకునేవాణ్ణి. ఒక వేసవి మొదట్లో టెంటు యజమాని మా పాస్టరు అయ్యగారి దగ్గరికి వచ్చినాడు.

"శుభ శుక్రవారానికి మీ దేవుడి బొమ్మ తెప్పిస్తున్నా అయ్యగారూ. పరదేశం వాళ్ళు తీసింది, తెలుగు మాటలు పెట్టినారు. దీన్ని సినిమా అనకండి."

"మరేమనాలి?"

"మీరే ఒక పేరు పెట్టండి. జనం వస్తే చాలు."

అయ్యగారు నవ్వలేదు. ఆలోచించి, సంఘపెద్దలతో మాట్లాడి, సరేనన్నారు. శుక్రవారం సాయంత్రం సంఘమంతా తెల్లబట్టలు కట్టుకుని, బైబిళ్ళు పట్టుకుని, మగవాళ్ళు ఒకవైపు ఆడవాళ్ళు ఒకవైపు ఇసకలో కూర్చున్నాం. తెరమీద ప్రభువు మోకాళ్ళూని ప్రార్థన మొదలుపెట్టగానే మావాళ్ళందరూ తలలు వంచి కళ్ళు మూసుకున్నారు. తోటలో ప్రార్థన చాలాసేపు సాగింది. ఆ ఘట్టం మా సంఘంలో చూసినవాళ్ళు తక్కువ. వెనక బెంచీలమీద రైతులు, "వీళ్ళేందిరా, టిక్కెట్టు కొనుక్కొచ్చి నిద్రపోతున్నారు!" అని నవ్వినారు.

సిలువ దగ్గరికి వచ్చేసరికి సముద్రపు గాలి లేచింది. తెర ఉబ్బి, ఆ ముఖం పెద్దదై, మళ్ళీ లోపలికి పోయి, ఊపిరి తీస్తున్నట్టే ఉంది. ఆడవాళ్ళ వైపు నుంచి ఏడుపు వినపడింది. అది మా అమ్మ గొంతని పోల్చుకున్నాను. సమాధికి రాయి అడ్డంపెట్టినారు. తెర తెల్లబడింది. దీపాలు వెలిగినాయి.

"చివరి రీలు పెట్టె బస్సులో రాలేదు. రేపొస్తుంది. టిక్కెట్టు లేకుండా చూపిస్తాం, అందరూ దయచేయండి!" అని యజమాని కేకపెట్టినాడు.

దారిలో అందరూ మాట్లాడుకుంటూనే ఉన్నారు. అమ్మ మాట్లాడలేదు. అభిప్రాయం చెప్పకుండా ఆమె ఇంటికి రావడం నేను చూడటం అదే మొదలు.

శనివారం పొద్దున ఆమె అయ్యగారి ఇంటికి కబురు పంపింది. ఈస్టరు రొట్టె ఇంకెవరి చేతనైనా చేయించమని. అయ్యగారు చేతిలో గొడుగుతో వెంటనే వచ్చినారు.

"ఒంట్లో బాగలేదా అమ్మా?"

"బాగానే ఉంది. నేను రొట్టె చేయకూడదు. రేపు తీసుకోనూ కూడదు."

"సినిమాకు పోయినందుకా? పొమ్మన్నది నేనే కదా. ఆ తప్పేదో నా మీద వేసుకుంటాను."

"పోయినందుకు కాదు." అమ్మ కొంగు వేలికి చుట్టుకుంది. "ఇన్నేళ్ళు మీ ప్రసంగం విన్నాను. ఒక్కనాడూ కళ్ళు తడవలేదు. నిన్న ఆ వేషగాడి కోసం ఏడ్చినాను. ఇంటికొచ్చినా ఏడుపు ఆగలేదు. చచ్చిపోయినాడే అనుకుంటా పండుకున్నాను. లేస్తాడని నాకు గుర్తే రాలేదు అయ్యగారూ. ఆడవాళ్ళ కూటంలో అందరికీ చెప్పేదాన్ని, నాకు గుర్తు రాలేదు!"

అయ్యగారు గొడుగు ఒళ్ళో పెట్టుకుని అరుగుమీద కూర్చున్నారు.

"నా ప్రసంగంలో ఏం తక్కువైందమ్మా?"

అమ్మ మొహమాటపడింది. కానీ ఆయన అడిగింది ఆట మీద అభిప్రాయం లాంటిదే. ఆగలేకపోయింది.

"మీరు సిలువ దగ్గర మొదలుపెట్టంగానే మూడోరోజు లేస్తాడులే అని చెప్పేస్తారు. లేస్తాడని ముందే తెలిస్తే ఏడుపెట్లా వస్తుంది?"

"చెప్పకపోతే జనం దిగులుతో ఇంటికి పోతారు కదా."

"పోయినాం కదా నిన్న."

ఆయన ముఖం చిన్నబోయింది. ప్రభువు లేస్తాడన్నది శిష్యులకు కూడా ఆ శుక్రవారం గుర్తు రాలేదని మెల్లిగా చెప్పినారు. అమ్మ ఒప్పుకోలేదు. "వాళ్ళు ఆయన కోసం ఏడ్చినారు. నేను తెరగుడ్డ కోసం ఏడ్చినాను" అనింది. చివరికి ఆయన లేచి, "రొట్టె మాత్రం నువ్వే చెయ్యి. తీసుకునేది నీకూ దేవుడికీ మధ్య" అని వెళ్ళిపోయినారు. వీధి మలుపు దాకా ఆయన గొడుగు తెరవలేదు. ఎండ మాడిపోతోంది.

సాయంత్రం రీలు వచ్చిందని టముకు వేసినారు. సంఘమంతా పోయింది. నేను అమ్మను కూడా రమ్మన్నాను. చూస్తే మనసు కుదుటపడుతుందన్నాను.

"లేచింది కూడా ఆడ చూసే నమ్మాల్నా? ఇంక నాకు మిగిలేదేంది?" అని పొయ్యి దగ్గరికి పోయింది.

తర్వాత రోజుల్లో ఆటలు చూసి అభిప్రాయాలు రాయడమే నా బతుకుతెరువైంది. మొన్నమొన్నటి టీవీ ధారావాహికల దాకా ఎన్ని రాసినానో. ఆ చివరి రీలు మీద మాత్రం ఎక్కడా రాయలేదు. చాలా పేలవంగా ఉంది. గుహలో దీపం పెట్టినారు, పొగ వదిలినారు, పాట పాడినారు. జనం చప్పట్లు కొట్టినారు. అయ్యగారు చప్పట్లు కొట్టకుండా కూర్చున్నారు. ఇంటికొచ్చేసరికి అమ్మ రొట్టె ముక్కలు కోస్తోంది.

"బాగుండిందా?" తలెత్తకుండానే అడిగింది.

"ఏముందిమా. వెలుతురు పెట్టినారు, అంతే."

"అంతేనా?" కత్తి ఒక్క క్షణం ఆగింది. ఆమెకు ఊరట కలిగిందో, దిగులు పెరిగిందో నాకు అంతుబట్టలేదు.

ఈస్టరునాడు తెల్లవారుతుండగా ఆరాధన. అయ్యగారి గొంతు బొంగురుపోయి ఉంది. పళ్ళెం ఆడవాళ్ళ చాపల మీదుగా చేతులు మారుతూ అమ్మ దగ్గరికి వచ్చింది. తీసుకోకుండా పక్కకు ఇస్తే ఊరంతా చూస్తుంది, ఎందుకని అడుగుతుంది. ఆమె పళ్ళెం ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. పక్కామె మోచేత్తో పొడిచింది, మళ్ళీ పొడిచింది. ముక్కలన్నీ ఆమె కోసినవే అయినా, కొత్తవేవో చూస్తున్నట్టు చూసింది. చివరికి అంచున విరిగిపడిన పొడి కాస్త వేలికొసతో అద్దుకుని, పళ్ళెం పక్కకు ఇచ్చేసింది. ఆ వేలు నోటిదాకా పోయేసరికి అయ్యగారు ముగింపు ప్రార్థన మొదలుపెట్టేసినారు, అందరం తలలు వంచి కళ్ళు మూసుకున్నాం.