పారబోసిన పెనుమూడి నీళ్ళు

మా సార్ పోయారని బాపట్ల నుంచి అమ్మగారు ఫోన్ చేసేసరికి నేను తెనాలిలో, మా షెడ్డులో, డ్రిప్పర్ల అచ్చు విప్పుతున్నాను. డ్రిప్పరంటే, పొలంలో పైపుకు గుచ్చితే నీటిని చుక్కచుక్కగా మొక్క మొదట్లో వదిలే చిన్న ప్లాస్టిక్ ముక్క. దాన్ని చిన్న రైతు కూడా కొనగలిగేలా, చేత్తో విప్పి కడుక్కునేలా చేయాలని సార్ రిటైరయ్యాక కూడా తంటాలు పడ్డారు. కాలేజీలో నాకు పాఠం చెప్పింది ఆయనే. ఆ తర్వాతా నన్ను వదల్లేదు, అది నా అదృష్టం.

ఒట్టి బెంగ మనిషి. కొత్త ముక్క ఇస్తే ముందు నోట్లో పెట్టుకొని ఊదేవారు. "వక్కపొడి వేసుకునే నోట్లో ఆ ప్లాస్టిక్ ఏంటండీ?" అని అమ్మగారు విసుక్కునేవారు. చుక్కలు సవ్యంగా పడితే ఆయన బెంగ ఇంకా పెరిగేది. "ఇంత బాగా పడతందేంటోయ్, ఏదో తేడా ఉంది" అనేవారు. ఓసారి నేను కుళాయి నీళ్ళతో పరీక్ష చేసి గొప్పగా చూపించాను. "తెనాలి కుళాయి నీళ్ళతో అయితే మనం పాసవుతాం. మొక్క ఫెయిలవుద్ది" అన్నారు. ఏ పొలానికి బిగించాలో ఆ పొలం నీళ్ళే తెప్పించేవారు.

చివరి పరీక్ష పెనుమూడిలో కాకర వేసిన ఒక అక్క కోసం. ఆవిడ పొలంలో దొరికేవి ఒండ్రు నీళ్ళు. వాటిని డ్రమ్ముతో తెప్పించి, బాపట్లలో ఇంటి పెరట్లో పైపు కట్టి, తిప్పితిప్పి అవే పంపిస్తున్నారు. "ఒండ్రు పేరుకున్నాక కూడా చుక్క పడితేనే అక్కకిద్దాం. తొందరపడమాకు" అన్నారు. నాతో అదే ఆఖరి మాట.

నేను వెళ్ళేసరికి పెరడు ఖాళీగా ఉంది. చావు జరిగిన ఇంట్లో నిలవ నీళ్ళు ఉంచకూడదు కదా, బంధువులు బిందెలతో పాటు ఆ డ్రమ్మూ పారబోశారు. పైపు చుట్ట చుట్టి గోడకు ఆనించారు. డ్రిప్పర్లు ఊడి ఎక్కడో పడ్డాయి. ఆ సమయంలో ఎవరినేమంటాం? సార్ కోసం ఏడవాలో, పరీక్ష కోసం ఏడవాలో నాకు తెలియలేదు.

దినం కాకముందే అక్క ఫోన్ చేసింది. "సార్ కోసం చర్చిలో ప్రార్థన పెట్టించాం తమ్ముడూ. పాదులు మాత్రం వాడిపోతన్నాయి. బిగిస్తావా, కూలోళ్ళని పెట్టి బిందెలతో పోయించుకోనా?"

పరీక్ష మళ్ళీ మొదలుపెడదామంటే పాదులు ఆగవు. బిగించాక మూసుకుపోతే ఆవిడ పంట పోతుంది, సార్ పేరూ పోతుంది. దాచడం ఎందుకని, "పరీక్ష సగంలో ఆగిందక్కా" అని చెప్పేశాను.

"అయితే మిగతా సగం నా పొలంలోనే చేద్దూగాని, రా" అంది.

నిన్న బిగించి వాల్వు తిప్పాను. "పడతన్నాయిలే. ఇంక ఆటో ఎక్కు, రేపల్లెలో రైలు అందుద్ది" అంది అక్క. వెళ్ళలేకపోయాను. చిట్టచివరి పాదు దగ్గర గొంతుక్కూర్చున్నాను. మట్టిరంగు చుక్క ఒకటి రాలింది. రెండోది అంచున ఊరుతూ ఆగింది. అది రాలిపడేదాకా నాకు ఊపిరాడలేదు. రాలాక, మూడోదాని కోసం మళ్ళీ అదే భయం.