శనివారం వచ్చే మనిషి

మా అత్త పోయింది. ఆ కబురు శుక్రవారం మధ్యాహ్నం, ఆఫీసులో అన్నం డబ్బా మూత తీస్తుండగా వచ్చింది. ఫోన్ చేసింది మా బావ, నా భర్తకు అన్న. ఆయన నాకు ఎప్పుడూ ఫోన్ చేసే మనిషి కాదు. అందుకే పేరు చూడగానే డబ్బా పక్కన పెట్టేశాను.

"అమ్మ పోయిందమ్మా," అన్నాడు. "పొద్దున గొర్రెల్ని తోలేటప్పుడు బాగానే ఉండె. ఎండ ఎక్కువుందని వసారాలో మంచం ఏసుకోని పడుకునింది. అన్నానికి పిలిస్తే లేయలా."

ఆ తర్వాత నేనేదో అడిగాను, ఆయనేదో చెప్పాడు. ఫోన్ పెట్టేశాక నా నోటి నుంచి వచ్చిన మొదటి మాట మాత్రం గుర్తుంది. "రేపు రావాలి కదా!" అన్నాను. పక్క సీటులో ఉన్నావిడ "ఎవరు?" అని అడిగింది. మా అత్త అని చెప్పి, సెలవు రాసిచ్చి, యర్రగొండపాలెం బస్సెక్కాను.

ఆమె గురించి నాలుగు మాటలు చెప్పుకోవాలని ఉంది. ఊరికి పెద్ద కాదు, ఎవరికీ గొప్పగా తెలిసిన మనిషి కాదు. గొర్రెలు కాసుకునే ఇంట్లో పుట్టి, గొర్రెలున్న ఇంటికే కోడలిగా వచ్చి, యర్రగొండపాలెం అవతల అడివి అంచున ఉన్న ఆ చిన్న ఊళ్లోనే బతికింది. నా వారంలో చివరి రోజులకు ఒక రుచి అంటూ ఉండేదంటే అది ఆమె వల్లనే.

నా భర్త బతికున్న రోజుల్లో ఆమె మార్కాపురం వచ్చింది చాలా తక్కువ. రమ్మంటే, "ఈనేటి గొర్రెలు ఉండాయి, వదిలి యాడికి వచ్చేది?" అనేది. మా పెళ్లయిన మూడో ఏడు ఆయన బండి మీద ఇంటికి వస్తుంటే లారీ గుద్దింది. మాకు పిల్లలు లేరు. కొన్నాళ్లు పొదిలిలో మా పుట్టింట్లో ఉన్నాను. ఆయన ఉద్యోగం నాకిచ్చాక మళ్లీ మార్కాపురం వచ్చి, ఒక మేడ మీద చిన్న వాటా అద్దెకు తీసుకున్నాను.

మామూలు రోజులు ఎలాగో గడిచిపోయేవి. ఆఫీసులో పదిమంది ఉంటారు, పని ఉంటుంది. ఆదివారం వచ్చిందంటే మాత్రం భయం వేసేది. కింద ఇంటివాళ్ల కుక్కర్ కూత వినిపించేది, మసాలా వాసన మెట్లెక్కి పైకి వచ్చేది. ఎదురింట్లో ఎవరో బండి కడుగుతూ పాటలు పెట్టేవాడు. ఊరంతా ఇంట్లో ఉన్న రోజున నేను తలుపేసుకుని, ముందురోజు అన్నంలో మజ్జిగ పోసుకుని తిని, మళ్లీ పడుకునేదాన్ని. సోమవారం కోసం ఎదురు చూసిన మనుషులు ఎంతమంది ఉంటారో నాకు తెలియదు. నేను చూశాను.

అలాంటి రోజుల్లో ఒక శనివారం సాయంత్రం ఎవరో తలుపు కొట్టారు. తీస్తే మా అత్త. చేతిలో వైరు బుట్ట, కాళ్లకు దుమ్ము.

"తలుపు తీసేదానికి ఇంతసేపా?" అంటూ లోపలికి వచ్చింది.

"ఏం అత్తా, ఇట్ల వచ్చినావు? ఏమన్నా అయిందా?"

"ఏమయితాది? శనివారం గదా, వచ్చినా."

అంతే. ఎందుకు వచ్చిందో ఆ రోజు చెప్పలేదు, నేను మళ్లీ అడగలేదు. బుట్టలోంచి చిక్కుడుకాయలు తీసి ఒలవడం మొదలుపెట్టింది. సోమవారం మొదటి బస్సుకు వెళ్లిపోయింది. తర్వాతి శనివారం మళ్లీ వచ్చింది. వానలు పడి దారి పాడైనప్పుడు, గొర్రెలు ఈనే రోజుల్లో తప్ప, చివరిదాకా రావడం మానలేదు.

మేమిద్దరం చేసిన ఘనకార్యాలు ఏమీ లేవు. శనివారం సాయంత్రం గుడి బజారు దాకా నడిచేవాళ్లం. ఆమె ప్రతి దుకాణం ముందూ ఆగేది. స్టీలు సామాన్లు ఎత్తి చూసి, వేలితో కొట్టి, అక్కడే పెట్టేసేది. కొనకుండా ఎందుకు చూడటం అంటే, "చూసేదానికి గూడా కొనాల్నా ఏంది?" అని ఎదురడిగేది.

ఒకసారి పూలమ్మే ఆమె దగ్గర ఆగి మల్లెపూలు తీసుకుంది. నేను కంగారుపడ్డాను. మామ కూడా ఎప్పుడో పోయాడు; మా ఇద్దరిలో ఎవరం పెట్టుకోవాలి ఆ పూలు? పూలమ్మి కూడా మా ఇద్దరి నొసళ్ల వంకా చూసి చూడనట్టు తల దించుకుంది. మా అత్త ఏమీ పట్టించుకోకుండా పొట్లం బుట్టలో వేసుకుంది. ఇంటికొచ్చాక స్టీలు గ్లాసులో నీళ్లు పోసి, మాలను అందులో వేసి, నా మంచం పక్కన కిటికీలో పెట్టింది.

"ఇంట్లో వాసన రానీ," అంది.

అట్లా చాలా శనివారాలు పూలు కొన్నది, గ్లాసులోనే పెట్టింది. పెట్టుకోమని ఒక్కసారి కూడా అనలేదు. ఒక ఆదివారం తలంటుకుని జడ వేసుకుంటూ, గ్లాసులోంచి ఒక చిన్న తుంపు తీసి నేనే తల్లో పెట్టుకున్నాను. ఆమె వంటింట్లోంచి చూసింది. చూసి, "ఉప్పు యాడ పెట్టినావు పిల్లా?" అని అడిగింది. ఉప్పు ఆమె ఎదురుగానే ఉంది.

ఆదివారం పొద్దున ఆమెకు పెద్ద పరీక్ష. ఇంట్లో అయితే కోడి కూయకముందే లేచే మనిషి. "టౌనోళ్లు ఆదివారం పొద్దెక్కిందాక పడుకుంటారంట గదా, నేను గూడా పడుకుంటా" అని పంతం పట్టేది. కళ్లు తెరుచుకుని కప్పు వైపు చూస్తూ పడుకునేది. కాసేపటికి, "ఇంగ లేయొచ్చునా?" అని మెల్లగా అడిగేది. నాకు నవ్వొచ్చేది. ఆ ఇంట్లో నేను మొదటిసారి నవ్వింది అలాంటి ఒక పొద్దునే.

టీ తాగాక పేపరు చదివించుకునేది. ఆమెకు చదువు రాదు. వార్తలు వినేది కాదు. వారఫలాలు మాత్రం కావాలి.

"నీది ఏ రాశి అత్తా?"

"నేను పుట్టిన దినం ఎవురికి తెలుసు? బాగుండేది చూసి చదువు."

పన్నెండు రాశులూ వెతికి, ధనలాభం, బంధుదర్శనం ఉన్న రాశిని ఆమెకు చదివేదాన్ని. "ఈ వారం మనకు బాగుందిలే" అని తృప్తిగా రెండో టీ అడిగేది. ప్రతి వారం ఆమె రాశి మారిపోయేది.

ఆమె అంతవరకు రైలెక్కలేదని నాకు చాలా రోజులకు గానీ తెలియలేదు. ఒక ఆదివారం మార్కాపురం రోడ్డు స్టేషనుకు ఆటోలో తీసుకెళ్లి గిద్దలూరుకు టిక్కెట్లు కొన్నాను. పని ఏమీ లేదు. పోయి రావడమే. కిటికీ పక్కన కూర్చుని రెండు చేతులతో ఊచలు పట్టుకుంది. కంభం దాటాక కొండలు దగ్గరికి వస్తుంటే మాట్లాడటం మానేసింది. ఒకచోట పట్టాల దాపున గొర్రెల మంద కనిపించింది. అంతే, కిటికీలోంచి అరిచింది: "ఎవురిదిరా ఆ మంద? పట్టాల కాడికి తోలినావేంది?" పెట్టెలో అందరూ నవ్వారు. ఎదురుగా కూర్చున్న ఆమె, "ఎవురింటికి పోతాండారు?" అని అడిగింది.

"ఎవురింటికీ గాదు," మా అత్త ఎంతో దర్జాగా చెప్పింది. "ఆదివారం గదా, ఊరికే పోతాండాం."

గిద్దలూరు స్టేషను బయట టీ తాగి, కొండల్లో సొరంగాల వైపు పోయే పట్టాలను కాసేపు చూసి, బస్సులో తిరిగొచ్చాం. నెల రోజులు వాళ్ల ఊళ్లో ఆమెకు అదే కబురట.

ఇదంతా ఒకసారి ఆగిపోయే పరిస్థితి వచ్చింది. పొదిలి నుంచి మా అన్న ఒక ఆదివారం వచ్చాడు. వాడు చెడ్డవాడు కాదు. నా కోసమే వచ్చాడు. పొదిలికి బదిలీ పెట్టించుకో, ఇంటికి వచ్చెయ్, ఎవరైనా మంచివాడు దొరికితే చూద్దాం అన్నాడు. అంతవరకు బాగానే ఉంది. ఆ తర్వాత గొంతు తగ్గించి, అయినా వినపడేట్టుగానే అన్నాడు: "ప్రతి వారం ఈమె వచ్చి ఎదురుగా కూచుంటే నువ్వు ఎప్పటికి మర్చిపోతావు?"

మా అత్త లేచి, బట్టలు తెస్తానని బయటికి వెళ్లింది. తీగ మీద బట్టలు ఇంకా ఆరలేదు. వాటిని అటూ ఇటూ మారుస్తూ అక్కడే నిలబడిపోయింది.

అన్న వెళ్లాక చూస్తే, ఆమె చీర మడిచి బుట్టలో పెట్టుకుంటోంది.

"రేపు గదా పోయేది?"

"ఈ పొద్దే పోతా. మీ అన్న చెప్పిందాంట్లో తప్పేం లేదు పిల్లా. నన్ను చూస్తే నీకు వాడే కనపడతాడు. నీకింకా చానా బతుకుంది."

ఆపితే ఆగే మనిషి కాదు. వెనకాలే బస్టాండు దాకా నడిచాను. బస్సెక్కి కిటికీ దగ్గర కూర్చుంది. ఎటో చూస్తోంది. లోపల ఉన్నదే చెప్పేశాను.

"నువ్వు రాకపోయినా ఆయన గుర్తుకొస్తాడు అత్తా. నువ్వు రాకపోతే మళ్లీ పగలంతా తలుపేసుకోని పడుకుంటా. అంతే తేడా."

ఆమె నా వైపు తిరిగింది. కళ్లలో నీళ్లు తిరిగినా కిందికి రాలేదు. డ్రైవరు బండి స్టార్టు చేశాడు. బస్సు కదులుతుండగా తల బయటపెట్టి అరిచింది:

"వచ్చేవారం గోంగూర తేనా, చిక్కుడుకాయలు తేనా?"

"రెండూ తే!" అని నేనూ అరిచాను. బస్టాండులో జనం చూశారు. చూడనీ అనుకున్నాను.

ఆ తర్వాత ఆమె ఆ విషయం ఒకే ఒక్కసారి ఎత్తింది. "నీకు ఎవురన్నా నచ్చితే చెప్పు. సిగ్గుపడబాక. నేను శనివారం వచ్చి ఆయన్ని గూడా చూసిపోతా," అంది. మాట తేలిగ్గానే అన్నా, ముఖం మాత్రం చాలాసేపు అటు తిప్పుకునే ఉంది. నాకు ఇంతవరకు ఎవరూ నచ్చలేదు. నచ్చి ఉంటే ఆమె నిజంగానే వచ్చి చూసిపోయేది.

ఎందుకు వస్తుందో చెప్పింది మొన్నటి ఎండల్లో. మధ్యాహ్నం కరెంటు పోయి, ఇద్దరం విసనకర్రలతో గుమ్మం దగ్గర కూర్చున్నాం. ఎప్పటిలాగే మాటల్లేవు. ఉన్నట్టుండి తనే అంది.

"ఇంటికాడ అందరూ ఉండారు. పెద్దోడు, కోడలు, పిలకాయలు, గొర్రెలు. నేను కొంచెం ఊరకుంటే చాలు, ఏమైంది, ఏమైంది అని అడుగుతారు. ఏం చెప్పేది? నీ కాడయితే మాట్లాడకుండా కూచోవచ్చు."

నేను విసనకర్ర ఆమె వైపు తిప్పి విసరసాగాను. కొడుకు పేరు ఆమె పలకలేదు, నేనూ పలకలేదు. అన్నేళ్లలో మేము ఆయన గురించి మాట్లాడుకున్నది చాలా తక్కువ. నాకు తోడు కోసం ఆమె వస్తోందని అనుకుంటూ వచ్చాను. ఆమె కూడా ఒంటరిదేనన్న సంగతి ఆ మధ్యాహ్నం అర్థమైంది.

పెద్దదినం నాడు, కర్మ అయిపోయాక, మా తోడికోడలు గిన్నెలు తోముతూ నన్ను పక్కన కూర్చోబెట్టుకుంది. "శుక్రవారం వస్తే చాలు, మా మాట ఆమె చెవికెక్కేది గాదు," అని చెప్పింది. "ధ్యాసంతా టౌను మీదనే. జొరమొచ్చినా పోతాననేది. ఇంతకీ ఆడ ఏం చేసేటోళ్లు మీరిద్దరూ?"

ఆమె మామూలుగానే అడిగింది. నేను ఆలోచించాను. రైలెక్కింది చెప్పనా, అది ఆమెకు తెలుసు. బజారులో గిన్నెలు చూసేవాళ్లమని చెప్పనా? పేపరులో మంచి రాశి వెతుక్కునేవాళ్లమని చెప్పనా? చెబుదామంటే ఏదీ చెప్పుకోదగ్గ పనిగా లేదు.

"ఏం లేదక్కా," అన్నాను. "ఊరికే ఉండేటోళ్లం."

ఆ మాట అన్నాక గాని నాకు ఏడుపు రాలేదు. శుక్రవారం నుంచి పట్టి ఉంచినదంతా ఆ గిన్నెల దగ్గర కూర్చుని ఏడ్చాను. తోడికోడలు చేతులు కడుక్కుని వచ్చి నా వీపు మీద చెయ్యి వేసింది.

మార్కాపురం తిరిగొచ్చాక ఇదే మొదటి ఆదివారం. పొద్దునే లేచాను, వంట చేసుకున్నాను, తలుపు మాత్రం వేసుకోలేదు. సాయంత్రం మేడ మీద కూర్చున్నాను. ఉత్తరాన యర్రగొండపాలెం దిక్కున మబ్బు కమ్మింది. కొండలు కనబడకుండా పోయాయి. మబ్బు నుంచి నేల దాకా బూడిద రంగు తెర ఏటవాలుగా దిగింది. అక్కడ వాన గట్టిగా పడుతోందని ఇంత దూరం నుంచి కూడా తెలుస్తోంది. కింద ఇంటావిడ "వానొచ్చేట్టుంది, లోపలికి పో అమ్మా" అని కేకేసింది. ఇటు రాదులే అన్నాను. ఇక్కడ గాలి కూడా కదలడం లేదు. అక్కడ, వాళ్ల చేను గట్టున, ఆమెను పూడ్చిన చోట మట్టి ఇంకా వదులుగానే ఉంటుంది. ఇప్పుడు తడుస్తూ ఉంటుంది. చీకటి పడి ఆ తెర కనబడకుండా పోయేదాకా అటే చూస్తూ కూర్చున్నాను. నా మీద ఒక్క చినుకు కూడా పడలేదు.