ఉప్పుచేపా, మైనస్ గుర్తూ

మేం ఉద్యోగాల్లో చేరిన రోజుల్లో కంఠతా రావడం వేరు, అర్థం కావడం వేరు అని మాకెవరూ గట్టిగా చెప్పలేదు. చెప్పినా ఆ ముక్కను కూడా కంఠతా పట్టి పరీక్షలో రాసి వచ్చేవాళ్ళం. అలాంటి చదువుతోనే నేను ఇంజనీరునై తడ దగ్గర ఒక ఫ్యాక్టరీలో శిక్షణకు చేరాను. అక్కడ ఉక్కు గేర్లను కొలిమిలో ఎర్రగా కాల్చి, చుట్టూ నింపిన గ్యాసులోంచి కార్బన్‌ను వాటి పైపొరలోకి ఎక్కిస్తారు. అప్పుడు గేరు పైన గట్టిపడి త్వరగా అరగదు, లోపల మెత్తగా ఉండి త్వరగా విరగదు. ఇలా ఒక పదార్థం మరో పదార్థంలోకి మెల్లగా పాకడాన్నే డిఫ్యూజన్ అంటారు. దాని మొదటి సూత్రం నిద్రలో లేపి అడిగినా చెప్పేదాన్ని. (హాస్టల్లో నా పక్కమంచం అమ్మాయి ఒకసారి నిజంగానే లేపి అడిగింది. చెప్పేసి అటు తిరిగి పడుకున్నానట.)

ఆ సూత్రంలో సమానం గుర్తు పక్కన చిన్న మైనస్ ఒకటి ఉంటుంది. మా పెద్ద ఇంజనీరు గారికి ప్రపంచంలో అన్నిటికన్నా ఆ అడ్డగీత మీదే మక్కువ. అందుకే ఆయన్ని చాటుగా మైనస్ సార్ అనేవాళ్ళం. శిక్షణ ముగిసేటప్పుడు ఒక్కొక్కర్నీ బోర్డు దగ్గర నిలబెట్టి, "ఇదెందుకుందో చెప్పమ్మా" అని అడిగేవారు. చెప్పినవాళ్ళు ల్యాబ్‌కి, చెప్పలేనివాళ్ళు ప్యాకింగుకి. నాకేమో ల్యాబ్ మీద ప్రాణం. నా వంతు వచ్చినప్పుడు నిర్వచనం మొత్తం ఇంగ్లీషులో ఊపిరి తీసుకోకుండా అప్పజెప్పాను. సార్ తెలుగులో చెప్పమన్నారు. "వ్యాపన అభివాహము గాఢతా ప్రవణతకు అనులోమానుపాతములో ఉండును" అన్నాను. ఆయన కాసేపు కళ్ళు మూసుకుని, "ఇంగ్లీషే నయం" అన్నారు. తర్వాత జాలిపడి, "సోమవారం మళ్ళీ రా. ఇంట్లోవాళ్ళకి చెప్పినట్టు చెప్పాలి" అని పంపేశారు.

ఆ ఆదివారం వాకాడు దగ్గర మా మేనత్త ఇంట్లో విందు. వాళ్ళబ్బాయికి కుదిరిన సంబంధం వాళ్ళు, అంటే కాబోయే పెళ్ళికూతురి తల్లిదండ్రులు, మనుబోలు నుంచి తొలిసారి భోజనానికి వస్తున్నారు. కాబోయే వియ్యంకుడు ఫోన్లో మామతో, "కోడికూరలు మాకాడా ఉండాయి, సముద్రం పక్కనుండారు గదా, ఉప్పుచేప పులుసు పెట్టండి చాలు" అన్నాడట. దాంతో అత్త మంచి వంజరం ఉప్పుచేప తెప్పించింది. వండేముందు అలాంటి చేపను నీళ్ళలో నానబెట్టి ఉప్పు తీయాలి. ఆరోజు కొళాయి రాలేదు. ఇంట్లో ఉన్న మంచినీళ్ళు ఒక్క క్యానే. అత్త పొదుపుగా చిన్న గిన్నెలో, ముక్కలు మునిగీ మునగనట్టు నీళ్ళు పోసి మూతపెట్టింది. నేను పుస్తకం పట్టుకుని వంటింటి గడపలో కూర్చుని మైనస్‌తో కుస్తీ పడుతున్నాను.

చాలాసేపటి తర్వాత అత్త ఒక ముక్క కొస తుంచి నోట్లో వేసుకుని ముఖం చిట్లించింది. "ఏం నానినట్టు? ఉప్పు ఉప్పుగానే ఉండాది. వాళ్ళు వచ్చేస్తా ఉంటే ఇప్పుడేం చేసేది?" అంది. "ఇంకొంచెం సేపు నాననీ" అన్నాడు మామ. "ఇంక చింతపండే దిక్కు" అని అత్త డబ్బా తీసింది. నేను ఊరికే గిన్నెలో వేలు ముంచి నాకి చూశాను. నీళ్ళు కూడా దాదాపు చేపంత ఉప్పగా ఉన్నాయి. ఆ ఉప్పదనం నాలుక మీద ఉండగానే ఒడిలో పుస్తకం జారి కింద పడింది. చేపలోనూ నీళ్ళలోనూ ఉప్పు ఒక్క తీరుగా ఉంటే, ఇక అది ఎటు కదులుతుంది? ఎంతసేపు నానినా అంతే.

"అత్తా, ఆ నీళ్ళు పారబోసి వేరే నీళ్ళు పోద్దాం. బోరు నీళ్ళయినా సరే" అన్నాను.

మా అత్త నన్ను ఎగాదిగా చూసింది. వాళ్ళ బోరు నీళ్ళు నోట్లో పోసుకోలేనంత ఉప్పన. "ఉప్పునీళ్ళు పోసి ఉప్పు తీస్తావా? ఇదేనా నువ్వు చదివింది?"

"ఉప్పునీళ్ళే అత్తా. కానీ చేపకన్నా తక్కువ ఉప్పు. ఉప్పుకి అది చాలు."

"ఎటూ చెడిపోయిందే గదా, చేయనీ" అని మామ లేచి మోటారు వేశాడు. ముక్కల్ని ఇంకా పలచగా కోశాను. లోపలి ఉప్పు పైకి రావడానికి దూరం తగ్గితే జోరు పెరుగుతుంది, ఇది సూత్రంలో ఉన్నదే. నీళ్ళు గోరువెచ్చగా కాచాను, వేడికి ఏదైనా చురుగ్గా కదులుతుంది కాబట్టి. పెద్ద గిన్నె నిండా పోసి, కాసేపటికి పారబోసి, మళ్ళీ పోసి, చివరికి మంచినీళ్ళతో కడిగాను. (ఈ హడావిడిలో నా కొత్త చుడీదారుకు పట్టిన వాసన మాత్రం ఏ సూత్రానికీ లొంగలేదు.) అత్త మళ్ళీ కొస తుంచి రుచి చూసింది. చింతపండు డబ్బా మూతపెట్టి పక్కన పెట్టింది.

వియ్యంకుడు మూడోసారి పులుసు వేయించుకుంటూ, "ఉప్పు బలే సరిపోయిందమ్మా" అన్నాడు. "మా మేనకోడలు ఇంజనీరు" అన్నాడు మామ. ఈ రెండు మాటలకీ సంబంధమేమిటో వియ్యంకుడికి ఎవరూ విడమరచలేదు.

సోమవారం బోర్డు మీద గేరుకు బదులు చేప గీశాను. మైనస్ సార్ కళ్ళజోడు సర్దుకున్నారు. "సార్, నిన్న పులుసుకి నానబెట్టిన ఉప్పుచేపలో పైన ఉప్పు తక్కువ, లోపలికి పోయేకొద్దీ ఎక్కువ. ఉప్పు మాత్రం లోపల్నించి బయటికి నడుస్తుంది. పెరిగే దిక్కు ఒకటి, నడిచే దిక్కు దానికి ఎదురు. ఆ ఎదురే మైనస్. మన గేరులో కార్బన్ పైన ఎక్కువ, లోపల తక్కువ, కాబట్టి లోపలికి పోతుంది. అటైనా ఇటైనా ఎక్కువ ఉన్నచోటి నుంచి తక్కువ ఉన్నచోటికే. తేడా పోయిన చోట ఆగిపోతుంది" అన్నాను. సార్ చాలాసేపు చేప వంకే చూసి, "పులుసులో మామిడికాయ వేసినారా?" అని అడిగారు. వేశామన్నాను. "ల్యాబ్‌లో చేరిపో. ముందు క్యాంటీన్‌కి పోదాం పదండి" అని భోజనాల వేళ కాకుండానే అందర్నీ కుర్చీల్లోంచి లేపారు. నాకు ఉప్పుచేప అన్న పేరు ఆరోజే స్థిరపడింది.

ఇప్పుడు నేనే కొత్తవాళ్ళకు పాఠాలు చెబుతున్నాను. రంగు రంగుల బొమ్మలు తెర మీద కదులుతాయి, మాట తడబడదు, గీత వంకర పోదు. మొన్న గంటసేపు ఏకబిగిన చెప్పి దిగాను, ఒక్క తప్పూ లేదు. విన్నవాళ్ళలో ఒక్కరికీ ఆకలి వేయలేదు. ఇంటికి వచ్చేటప్పుడు బస్సు కిటికీ పక్కన కూర్చుని, చేప వాసనతో బోర్డు ముందు నిలబడి చేతులు ఊపిన ఆ పిల్లను తలుచుకుని, దానిమీద కొంచెం అసూయపడి, నవ్వుకున్నాను.